దళారి రుసుము - దళారి సేవ

(మదనపల్లెలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ వేదికనుండి విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహములయందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు హృదయంగమముగా ప్రసంగించిరి. వారి వెనుక మేము లేచి, వాటాల క్రయవిక్రయములు జరిపించు దళారి సంస్థలను గూర్చియు వాని రుసుములను గూర్చియు మాటలాడ బూనుట విందు నడుమ పద్దుపుస్తకము తెఱచినట్లుండునని యెఱుగుదుము. అయినను కార్యనిర్వాహక వర్గమువారు ఈ విషయమును ఊరక మాకు అప్పగింపలేదు.

ఈ యేడు మన సంఘమునకు ఒక ప్రతిపాదన వచ్చినది. ఒక దళారి సంస్థ పక్షమున పనిచేయు ప్రతినిధి మన పెద్దలను కలిసికొని, సంఘము తన సంస్థను సభ్యులకు సిఫారసు చేసినయెడల, మన కుటుంబములవారు తెఱచు ఒక్కొక్క ఖాతాకు ఇంతయని వసతిగృహ నిధికి చందా నిచ్చెదమనియు, ఈ సంచికయందు నిండుపుట ప్రకటన వేయించెదమనియు చెప్పెను. వసతిగృహపు పైకప్పు వానకు కారుచున్నది. నిధి కొఱతగా నున్నది. ఇట్టి సమయమున వచ్చిన చందాను వలదనుటకు ఎవరికి నోరు వచ్చును? కావున విషయమును పరిశీలించి సభకు నివేదింపుడని పెద్దలు మమ్ము కోరిరి. మాకు తెలిసినంతవఱకు ఆ సంగతులను మీ ముందుంచుచున్నాము. నిర్ణయము సభవారిది.

దళారి యనగా నెవరు?

మన ప్రాంతమువారికి దళారిని గూర్చి వేఱుగా బోధింప బనిలేదు. మదనపల్లె టమాటా మార్కెట్టుకు పంట దెచ్చిన రైతు, వేలమున తన పెట్టెలకు పలికిన ధర వినినంతనే సంతోషించి యింటికి పోడు. కమీషను పోను, కూలి పోను, బండి బాడుగ పోను చేతికి వచ్చిన దెంతయో చూచుకొని మఱి సంతోషించును. పట్టుగూళ్లు అమ్మువాడును అట్లే చేయును. వాటాల బజారునందును న్యాయ మిదియే. వాటా కొనదలచినవాడు తానై స్టాకు ఎక్స్ఛేంజిలో ప్రవేశింపజాలడు. అందు సభ్యత్వము గలిగి, సెబి యను నియంత్రణ మండలియొద్ద నమోదైన దళారి ద్వారముననే పోవలయును.

బొంబాయిలో 1875వ సంవత్సరమున, మద్రాసులో 1920లో, హైదరాబాదులో 1943లో ఎక్స్ఛేంజిలు వెలసినవి. ఆ కాలమున వాటా యనగా కాగితపు పత్రము. దళారి యనగా ఒక వీధిలో ఒక గదిలో కూర్చుండు మనుష్యుడు. తగవు వచ్చిన తలుపు తట్టవచ్చును. 1996వ సంవత్సరపు డిపాజిటరీల చట్టముతో పత్రములు పోయి, వాటాలు డీమాటు ఖాతాలలో అంకెలుగా మాఱినవి. 2000లో ఇంటర్నెట్టు ద్వారా క్రయవిక్రయములకు అనుమతి కలిగెను. హైదరాబాదు ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయెను. బెంగుళూరు, మద్రాసు ఎక్స్ఛేంజిలు 2014, 2015 సంవత్సరములలో మూతబడినవి. ఇప్పుడు బజారంతయు బొంబాయిలోని రెండు పెద్ద ఎక్స్ఛేంజిలయందే నడచుచున్నది. మనకు దళారి చేతిలోని ఫోనునందలి యొక బొమ్మ. రుసుము తగ్గినది, సందేహము లేదు. కాని తట్టుటకు తలుపు లేకపోయినది. ఈ రెంటిని కలిపి చూడనివాడు సగము లెక్కయే చూచినవాడగును.

రుసుముల తారతమ్యము

దళారి సంస్థలు ప్రస్తుతము రెండు తెగలుగా నున్నవి. మొదటి తెగ బ్యాంకులకు అనుబంధమైనవి: ఐసీఐసీఐ డైరెక్టు, హెచ్‌డీఎఫ్‌సీ సెక్యూరిటీస్, కోటక్ సెక్యూరిటీస్ మొదలగునవి. ఇవి చిరకాలము వాటా విలువపై నూటికి అర్ధరూపాయి చుట్టుపట్ల రుసుము గొనుచుండెను. ముందుగా సొమ్ము చెల్లించినవారికి తగ్గింపు పథకములును కలవు. రెండవ తెగ తక్కువ రుసుము సంస్థలు. బెంగుళూరున 2010లో స్థాపింపబడిన జెరోధా ఈ మార్గమునకు ప్రసిద్ధి తెచ్చినది. గ్రో, అప్‌స్టాక్స్, ఏంజల్ వన్ మొదలగునవి ఈ తెగలోనివే. చట్టము దళారి రుసుమునకు విధించిన గరిష్ఠ పరిమితి నూటికి రెండున్నర రూపాయలు. ఇప్పటి పోటీలో ఎవరును దాని దరికి పోరు.

2024వ సంవత్సరాంతమున ప్రకటితమైన పట్టికలనుబట్టి చెప్పుచున్నాము. వాటాలు కొని తన ఖాతాలో నిలువయుంచుకొనువానికి జెరోధాలో దళారి రుసుము లేదు. గ్రోలోను, ఏంజల్ వన్‌లోను ఒక్కొక్క ఆజ్ఞకు 20 రూపాయలు గాని, విలువలో నూటికి 10 పైసలు గాని, ఏది తక్కువయైన నది. దానికొక కనిష్ఠ మొత్తమును కలదు. ఏంజల్ వన్ పూర్వము ఈ సేవను ఉచితముగా చేయుచుండి, 2024 నవంబరు 1వ తేదీనుండి రుసుము విధించినది. నేటి ఉచితము రేపటికి ఉచితముగా నుండునను హామీ యెవరును ఇయ్యలేదని దీనివలన తేటపడుచున్నది.

ఈ మార్పునకు కారణమును సభవారు తెలియదగినది. పూర్వము ఎక్స్ఛేంజిలు ఎక్కువ వ్యాపారము తెచ్చిన దళారికి తక్కువ దరకు ఛార్జీ వేయుచుండెను. దళారులు మాత్రము ఖాతాదారులయొద్ద హెచ్చు దరకే వసూలు చేసి, నడిమి తేడాను మిగుల్చుకొనుచుండిరి. సెబి 2024 జూలైలో ఆజ్ఞ జారీచేసి, అక్టోబరు 1వ తేదీనుండి అందఱకును ఒకే దర యుండవలెననియు, ఖాతాదారునియొద్ద తీసికొన్నంతయే ఎక్స్ఛేంజికి చెల్లింపవలెననియు విధించెను. చాటునుండి వచ్చు రాబడి పోగా, కొందఱు ఎదుటి రుసుమును పెంచిరి.

ఇక లెక్క వేయుదము. కుప్పములో నొక ఉపాధ్యాయుడు నెలకు 10,000 రూపాయలతో ఏదైన నొక మంచి కంపెనీ వాటాలు కొని దాచుకొనుచున్నాడనుకొందము. రుసుము లేని సంస్థలో ఏడాదికి అతని దళారి ఖర్చు సున్న. నూటికి 10 పైసల సంస్థలో నెలకు 10 రూపాయలు, ఏడాదికి 120 రూపాయలు, నూటికి 18 వంతున జీఎస్‌టీ కలిపి సుమారు 142 రూపాయలు. నూటికి అర్ధరూపాయి సంస్థలో ఏడాదికి 600, పన్నుతో 708 రూపాయలు. లక్షా ఇరువది వేల రూపాయల మదుపుమీద ఈ భేదము కలదు. లేదనము. కాని ఇండ్లు కూలునంతటి భేదము కాదు.

ఎవరియొద్ద కొన్నను తప్పని ఖర్చులు వేఱుగా నున్నవి. 10,000 రూపాయల కొనుగోలుపై సెక్యూరిటీల లావాదేవీల పన్ను 10 రూపాయలు, స్టాంపు సుంకము రూపాయిన్నర, ఎక్స్ఛేంజి ఛార్జి 30 పైసలు. ఉచితమను కొనుగోలునకును సుమారు 12 రూపాయలు చెల్లుచున్నదన్నమాట.

కంటికి కనబడని రుసుములు

ప్రకటనలలో పెద్ద అక్షరములతో నున్నది ఒక రుసుము. పట్టిక అడుగున చిన్న అక్షరములతో నున్నవి నాలుగైదు. వానిని మనవారు చదువరు. కావున మేము చదివి చెప్పుచున్నాము.

మొదటిది, అమ్మునప్పుడు డీమాటు ఖాతానుండి వాటాలు తీసినందులకు గొను రుసుము. ఒక్కొక్క కంపెనీకి దినమున కొకపర్యాయము జెరోధాలో ఇది పన్నుతో కలిపి 15 రూపాయల 34 పైసలు. తక్కిన సంస్థలలోను ఇంచుమించు ఈ మాత్రమో, కొంచెము హెచ్చో యుండును. లక్ష రూపాయల వాటాలు అమ్మువానికి ఇది లెక్కలోనిది కాదు. వెయ్యి రూపాయల వాటాలు అమ్మువానికి నూటికి రూపాయిన్నర యగును. కొద్ది సొమ్మును పది కంపెనీలలో చల్లి, మాటిమాటికి అమ్ము బీదవానికే ఈ దెబ్బ.

రెండవది కనిష్ఠ రుసుము. ఆజ్ఞకు 5 రూపాయలకు తగ్గదన్నచోట, 500 రూపాయల వాటా కొన్నవాడు నూటికి రూపాయి ఇచ్చుకొన్నట్లే.

మూడవది ఖాతా నిర్వహణకు సాలుసరి రుసుము. దీనియందు మన సామాన్య కుటుంబములకు మేలు చేయు నియమ మొకటి కలదు. ప్రాథమిక సేవల డీమాటు ఖాతా యని యొక తెగ యున్నది. ఒక మనుష్యునికి ఏక యజమానిగా ఒకే డీమాటు ఖాతా యుండి, అందలి నిలువ 4 లక్షల రూపాయలకు మించనియెడల సాలుసరి రుసుము లేదు. 4 లక్షలనుండి 10 లక్షలవఱకు 100 రూపాయలు మాత్రమే. ఇది 2024 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులో నున్నది. ఉచితమని మూడు నాలుగు చోట్ల ఖాతాలు తెఱచినవాడు ఈ సౌకర్యమును పోగొట్టుకొనును.

నాల్గవది అప్పు. మీయొద్ద పావలా యున్న రూపాయి వాటా కొనుడని ఫోను ఆశచూపును. మిగిలిన ముప్పావలా దళారి పెట్టిన అప్పు. దానిపై వడ్డీ అనేక సంస్థలలో ఏడాదికి నూటికి 14, 15 రూపాయల దరిని యున్నది. రుసుము సున్న యని చేరినవాడు వడ్డీవాకిట నిలుచును.

ఇరువది రూపాయల మాయ

ఇంతవఱకు చెప్పినవి చిన్న గాయములు. పెద్ద గాయము వేఱొకటి కలదు. మన యువకులలో అనేకులు వాటాలు కొని దాచుటకు ఖాతాలు తెఱచుట లేదు. ఫ్యూచర్లు, ఆప్షన్లు అను పందెపు బేరములకు తెఱచుచున్నారు. అచ్చట రుసుము ఆజ్ఞకు 20 రూపాయలే యని వారి వాదము. మదనపల్లెలో నొక యువకుడు దినమునకు ఐదు బేరములు చేయుననుకొందము. కొనుట కొకటి, అమ్ముట కొకటి, పది ఆజ్ఞలు. దినమునకు 200 రూపాయలు. నెలకు ఇరువది దినముల లెక్కను 4,000. ఏడాదికి 48,000. జీఎస్‌టీతో 56,640 రూపాయలు. లక్ష రూపాయల మూలధనముతో దిగినవాడు, లాభనష్టముల మాట యటుంచి, సగముకన్న హెచ్చు దళారికిని పన్నునకును సమర్పించుకొన్నాడు. ఎక్స్ఛేంజి ఛార్జీలును, లావాదేవీల పన్నును వేఱు.

ఇది మా యూహ కాదు. సెబి 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, అంతకుముందటి మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ పందెములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారందఱ నష్టము 1 లక్షా 80 వేల కోట్ల రూపాయలకు పైగా నున్నది. అదే కాలమున వ్యక్తులు బేరముల ఖర్చులక్రింద చెల్లించిన సుమారు 50,000 కోట్లలో సగమునకు పైగా దళారుల రుసుమే. 2024-25వ సంవత్సరమునకును నూటికి 91 మంది నష్టపోయిరని మరుసటి పరిశీలన చెప్పినది.

రుసుము లేక వాటాలు కొనిపెట్టు సంస్థ యెట్లు బ్రతుకుచున్నదను ప్రశ్నకు సమాధానము ఇందే కలదు. నిదానముగా మదుపు చేయు ఉపాధ్యాయుని ఖర్చును, తొందరపడి పందెమాడు యువకుడు భరించుచున్నాడు. ఇందు మోసము లేదు. పట్టికలో వ్రాసియే యున్నది. కాని ఒకే సంస్థ ఒకనికి మిక్కిలి చౌక, మఱొకనికి మిక్కిలి ప్రియము. కావున ఏ దళారి చౌకయని మమ్మడుగు సోదరుని మేము ముందుగా, నీవు ఏడాదికి ఎన్నిమాఱులు కొందువు, ఎన్నిమాఱు లమ్ముదువని యడుగుచున్నాము.

సేవయన నేమి?

పుంగనూరు ఆవును ఎత్తునుబట్టి యెవడును వెలగట్టడు. పొట్టిదైనను అది తినునదెంత, ఇచ్చు పాలెంత, ఆ పాలలో వెన్న యెంత యని చూచును. దళారి సేవకును అట్టి కొలతలే కావలెను. ఫోనునందలి బొమ్మ ముచ్చటగా నున్నదనుట సేవ కాదు. ఖాతా పది నిమిషములలో తెఱచితిమనుట సేవ కాదు. సొమ్ము లోనికి పోవునపుడు ద్వారములన్నియు విశాలముగనే యుండును. చిక్కు వచ్చిన దినమున ఒక మనుష్యుడు పలుకునా, మన భాషలో పలుకునా, పలికినమాట నిలుపునా? అదియే సేవ.

పుంగనూరులో మాకు వదినె వరుసయైన యొక సోదరి కలదు. ఆమె భర్త కిరాణా దుకాణము నడపుచు, తక్కువ రుసుము గొను నొక సంస్థద్వారా కొన్నేండ్లుగా వాటాలు కూడబెట్టెను. హఠాత్తుగా కాలధర్మము నొందెను. ఫోను తెఱచు గుర్తు ఆమెకు తెలియదు. నామినీ పేరు వ్రాసియుండలేదు. సంస్థకు వ్రాసిన ప్రతి జాబునకును యంత్రమే బదులు పలికెను. ఒకపర్యాయము మరణ ధ్రువపత్రము చాలదనిరి. మఱొకపర్యాయము పంపిన పత్రములనే తిరిగి పంపుమనిరి. ఏడు నెలలు గడచెను. కుమార్తెకు కళాశాల రుసుము కట్టవలసిన గడువు దగ్గరపడగా ఆమె మాయొద్దకు వచ్చి, "మఱిదీ, ఆయన డబ్బు ఉన్నట్టా, పోయినట్టా? అది చెప్తే చాలు" అనెను. మేము ఆమె పక్షమున సెబివారి స్కోర్స్ అను ఫిర్యాదు వేదికకు వ్రాసితిమి. మూడు వారములలో సంస్థనుండి మనుష్యుని కంఠము వినబడెను. వాటాలు ఆమె పేరికి మాఱినవి. కాని కళాశాల గడువు అప్పటికే దాటెను. ఆ రుసుమును బంధువులు చేబదులుగా సర్దిరి.

కుప్పములో మఱొక బంధువునకు ఇదే యాపద వచ్చెను. ఆయన ఖాతా ఒక బ్యాంకు అనుబంధ సంస్థలో నుండెను. ఏండ్లతరబడి హెచ్చు రుసుము చెల్లించెను. మరణానంతరము బ్యాంకు శాఖలోని ఉద్యోగి స్వయముగా పత్రములు వ్రాసియిచ్చి, నెల దినములలో పని నెఱవేర్చెను. అయితే ఆ ఉద్యోగియే, సొమ్ము చేతికి వచ్చిన వారమునకు, ఆమెకు అక్కఱలేని భీమా పాలసీ యొకటి అంటగట్టజూచెను. ఇట్లు చౌక సంస్థ చెడ్డది, ప్రియమైనది మంచిది యని తేల్చుటకు వీలులేదు. రెంటికిని వాని వాని గుణదోషములు కలవు.

కావున ఖాతా తెఱచుటకు ముందే ఈ పరీక్షలు చేయుడని మా మనవి. పని దినమున ఉదయము తొమ్మిదిన్నర గంటలకు, బజారు తెఱచిన వేళ, ఆ సంస్థకు ఫోను చేయుడు. ఎన్ని నిమిషములకు మనుష్యుడు పలికెనో, తెలుగు తెలిసినవాడు దొరకెనో లేదో వ్రాసికొనుడు. ఎక్స్ఛేంజిలు ఒక్కొక్క దళారిపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను ప్రకటించుచున్నవి. దానిని ఖాతాదారుల సంఖ్యతో భాగించి చూడుడు. పెద్ద సంస్థకు ఫిర్యాదులు హెచ్చుగానుండుట సహజము. లక్ష మందికి ఎన్ని యనునదే కొలత. యంత్రము నిలిచిపోయిననాడు వేఱు మార్గ మేమో యడుగుడు. 2021 ఫిబ్రవరి 24వ తేదీన నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజియే మధ్యాహ్నమునకు ముందు నిలిచిపోయి, సాయంకాలము మూడు ముప్పావు గంటలకు గాని తిరిగి నడవలేదు. ఆ నడుమ బొంబాయి ఎక్స్ఛేంజి నడచుచునే యుండెను. అచ్చటికి దారిచూపగలిగిన దళారి ఖాతాదారునకు ఉపకరించెను.

చిక్కు వచ్చినచో మార్గ మిది. ముందుగా సంస్థకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. తీఱనిచో స్కోర్స్‌లో నమోదు చేయవలెను. 2024 ఏప్రిలు 1వ తేదీనుండి నడచుచున్న క్రొత్త పద్ధతిలో సంస్థ 21 దినములలో బదులు చెప్పవలెను. ఆ బదులు తృప్తికరము కానియెడల రెండు పర్యాయములు పునఃపరిశీలన కోరవచ్చును. అటుపిమ్మట రాజీ, మధ్యవర్తిత్వములకు ఆన్‌లైను వివాద పరిష్కార వేదిక కలదు. సెబివారి ఉచిత ఫోను సంఖ్య 1800 266 7575. స్కోర్స్‌లో ఫిర్యాదు నమోదు చేయుటకు ఒక పైకమును ఖర్చు కాదు. చేతులు కాలిన పిదప ఆకులు వెదకుటకంటె, ఈ మార్గమును ముందే తెలిసికొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యము నామినీ. వ్రాసియున్నచో వారసులకు పని సులభము. 2025లో సెబి ఒక ఖాతాకు పదిమందివఱకు వ్రాయుటకు అనుమతించెను. ఈ రాత్రి ఇండ్లకు పోయి, అన్నము తినుటకు ముందే మీ ఖాతాలో నామినీ పేరు వ్రాసియున్నదో లేదో చూచుకొనుడు.

పేరుప్రతిష్ఠలు హామీపత్రములు కావు

రుసుము, సేవ యను రెంటికి పైన మూడవ మాట యొకటి కలదు. అది భద్రత. 1906వ సంవత్సరమున మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా దీసినప్పుడు, దొరల పేరు చూచి సొమ్ము దాచుకొన్న దక్షిణదేశపు కుటుంబము లెన్నియో అల్లాడిపోయినవి. ఆ దుఃఖమునుండియే మరుసటి యేడు ఇండియన్ బ్యాంకు పుట్టినది. ఆ కథ పాతదని త్రోసివేయుటకు వీలులేదు. తెలుగు రాజధానియందే మన కన్నులయెదుట దాని పోలికది జరిగెను.

హైదరాబాదులోని కార్వీ స్టాకు బ్రోకింగు సంస్థ దేశమంతట శాఖలు గలిగి, తెలుగువారికి ఇంటిపేరువంటిదై యుండెను. ఖాతాదారులు వ్రాసియిచ్చిన అధికారపత్రములను ఆధారము చేసికొని, వారి వాటాలను తన ఖాతాకు మార్చి, బ్యాంకులలో తాకట్టుంచి, అప్పులు తెచ్చెనని సెబి 2019 నవంబరు 22వ తేదీన ఉత్తర్వు జారీచేసి, క్రొత్త ఖాతాదారులను చేర్చుకొనగూడదని ఆజ్ఞాపించెను. మరుసటి నెలలో ఎనుబది వేలమందికి పైగా ఖాతాదారుల వాటాలు వారి ఖాతాలకు తిరిగిచేరినవి. 2020 నవంబరులో నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజి ఆ సంస్థను బహిష్కరించెను. 2023 ఏప్రిలులో సెబి ఆ సంస్థను, దాని అధిపతిని ఏడేండ్లపాటు బజారునుండి నిషేధించెను. ఆ సంస్థ రుసుము హెచ్చా, తగ్గా యను ప్రశ్న ఆనాడు ఎవరును అడుగలేదు. నా వాటాలు నా పేరిట నున్నవా యనియే యడిగిరి.

ఆ యనుభవమునుండి నియమములు గట్టిపడినవి. 2020 సెప్టెంబరునుండి వాటాలు తాకట్టు పెట్టినను అవి ఖాతాదారుని ఖాతాలోనే యుండవలెను. 2022 నవంబరునుండి విశాలమైన అధికారపత్రమునకు బదులు పరిమితమైన పత్రము వచ్చినది. అయినను కాపలా మనదే. నెలనెల డిపాజిటరీనుండి తిన్నగా వచ్చు వివరపత్రమును దళారి చూపు పట్టికతో సరిపోల్చుకొనవలెను. వాడని సొమ్ము దళారియొద్ద నిలువయుంచరాదు. దళారికి యూపీఐ ద్వారా సొమ్ము పంపునపుడు 2025 అక్టోబరునుండి అమలులోనికి వచ్చిన, వ్యాలిడ్ అను మాట గల అధికార చిరునామాను చూచి పంపవలెను. ప్రసిద్ధ సంస్థల పేళ్లు పెట్టుకొని వాట్సాపు గుంపులలో తిరుగు నకిలీ యాప్‌లచేత మోసపోవుచున్నవారు తక్కువమంది కారు.

మా విన్నపము

ఇప్పుడు మన ప్రతిపాదనకు వత్తము. దళారి సంస్థ పక్షమున ఊళ్లలో పనిచేయు అధీకృత ప్రతినిధికి ఖాతాదారుల రుసుములో వాటా వచ్చును. అది చట్టసమ్మతమే. ఎక్స్ఛేంజి పట్టికలో పేరున్న ప్రతినిధి తన జీవనము తాను సంపాదించుకొనుచున్నాడు. అతనిపై మాకు కోపము లేదు. కాని ఖాతాకు ఇంతయని సంఘమునకు వచ్చు చందా యెచ్చటనుండి వచ్చును? ఉపాధ్యాయుడు ఏడాదికి చెల్లించు 142 రూపాయలనుండి రాదు. దినమునకు పది ఆజ్ఞలిచ్చు యువకుడు చెల్లించు 56 వేలనుండి వచ్చును. అనగా మన వసతిగృహపు పైకప్పును మన పిల్లల నష్టముతో కప్పుకొందుము. ఆ పిల్లవాని తల్లి రేపు వచ్చి, సంఘమువారు చెప్పిరని చేరితిమి యనిన మనము చెప్పు బదులేమి?

మనవాడు చెప్పెనను మాటకు మన కులమున నున్న బలము మీకు తెలియనిది కాదు. ఆ నమ్మకముమీదనే ఈ సంఘము నిలిచియున్నది. చీటీ కట్టినను, సంబంధము కలుపుకొన్నను ఆ మాటయే ఆధారము. అంతటి విలువగల వస్తువును ఖాతాకు ఇంతయని అమ్ముకొనరాదు. మనవాడను మాట ప్రేమకు చాలును, రసీదునకు చాలదు.

కావున సభవారికి నాలుగు తీర్మానములు విన్నవించుచున్నాము. ఒకటి, సంఘము ఏ దళారి సంస్థను సభ్యులకు సిఫారసు చేయరాదు. సిఫారసునకు బదులుగా ఎవరి చందాను స్వీకరింపరాదు. రెండు, వసతిగృహ నిధిని వాటాలలో పెట్టక, బ్యాంకు డిపాజిట్లలోనే యుంచవలెను. పరుల పిల్లల అన్నముతో పందెము తగదు. మూడు, మదనపల్లె, పుంగనూరు, కుప్పములలో నెలకొక ఆదివారమున, చదువుకొన్న యువతీ యువకులు ఇద్దఱేసి కూర్చుండి, అడిగినవారికి రుసుముల పట్టిక చదివి చెప్పవలెను. నామినీ వ్రాయించుటకును, ఫిర్యాదు పంపుటకును సాయపడవలెను. ఏ వాటా కొనవలయునో మాత్రము చెప్పరాదు, ఎవరియొద్దను కమీషను గొనరాదు. నాలుగు, ప్రతి గృహస్థుడు తన ఖాతాల వివరములు ఒక పుస్తకమున వ్రాసి, భార్యకో, భర్తకో, పెరిగిన బిడ్డలకో అది యున్నచోటు చూపవలెను.

పైకప్పు మాట మిగిలియున్నది. మేము విచారింపగా దానికి కావలసినది ఈ సభలో నున్న కుటుంబములు తలకొక దినపు రాబడి యిచ్చిన తీఱునంతటిదని తెలిసినది. మొదటి చందాగా మా దినపు రాబడిని కార్యదర్శిగారి చేతికిచ్చి, రసీదు పుచ్చుకొని వేదిక దిగుచున్నాము. పుంగనూరు సోదరి కుమార్తె ఈ యేడు ఆ వసతిగృహముననే చేరినది. వానకాలము రాకమునుపే ఆ బిడ్డ తలపై కారని కప్పు నిలుపుట మన విధి.